జై రామ్ రెడ్డిని ఓడించింది ఒప్పందమా, పొత్తా?

2023 మే 14న సువా నగరంలో జరిగిన ఒక ప్రార్థన సభలో ఫిజీ ప్రధాని సితివేని రబుకా, 1987లో తాను నడిపిన సైనిక తిరుగుబాటుకు గాను భారత సంతతి ప్రజలను బహిరంగంగా క్షమాపణ కోరారు. ఆ తేదీ ఫిజీ భారతీయులకు రెండు విధాల గుర్తుండే తేదీ. భారత్ నుంచి ఒప్పందం మీద తెచ్చిన గిర్మిటియా కూలీలతో తొలి ఓడ ‘లియోనిడాస్’ 1879లో ఫిజీ చేరింది మే 14నే. సరిగ్గా 108 ఏళ్ల తర్వాత ముసుగులు ధరించిన సైనికులు పార్లమెంటులోకి చొరబడి ప్రభుత్వాన్ని కూలదోసిందీ మే 14నే. ఫిజీ రాజకీయాలను నాలాగే దూరం నుంచి గమనించే ఒక మిత్రుడు ఆ వార్తను నాకు పంపుతూ కింద ఒక్క వాక్యం రాశాడు: “జై రామ్ రెడ్డి బతికి ఉంటే ఏమనేవాడో, రబుకాను నమ్మి మునిగిన మనిషి కదా!”

ఫిజీ భారతీయుల నాయకుడు, ఒకప్పటి ప్రతిపక్ష నేత రెడ్డి అంతకు కొన్ని నెలల ముందే, 2022 ఆగస్టులో, తన 85వ ఏట కన్నుమూశారు. ఆయన మరణించినప్పుడు వచ్చిన నివాళుల్లోనూ ఇంచుమించు ఇదే ధోరణి కనిపించింది. పెద్దమనిషి, నిజాయితీపరుడు, మంచి న్యాయవాది అని అందరూ ఒప్పుకుంటారు. ఆ వెంటనే, తిరుగుబాటు చేసినవాడితో చేయి కలిపినందుకు సొంత జనమే ఇంటికి పంపించారని ముగిస్తారు. మొదటి సగంతో నాకు పేచీ లేదు. రెండో సగం మాత్రం రెండు వేర్వేరు పనులను ఒకే గాటన కడుతోందని నా అభిప్రాయం. 1997లో రబుకాతో ఆయన కుదుర్చుకున్నది రాజ్యాంగ ఒప్పందం. 1999లో అదే రబుకాతో పెట్టుకున్నది ఎన్నికల పొత్తు. మొదటిది ఆయన జీవితంలో చేసిన అతి పెద్ద పని. రెండోది ఆ పనికే చెరుపు చేసింది. ఈ తేడాను పట్టించుకోకపోతే ఆయన ఓటమి నుంచి నేర్చుకోకూడని పాఠమే నేర్చుకుంటాం.

ఇంటిపేరు సంగతి

రెడ్డి అన్న పేరు చూడగానే మనవాళ్లకు ఆసక్తి పుడుతుంది. ఎక్కడో దక్షిణ పసిఫిక్‌లో ఒక రెడ్డి ప్రతిపక్ష నేత అయ్యాడంటే ఏ జిల్లా, ఏ ఊరు అని ఆరా తీయడం మన అలవాటు. మద్రాసు రేవు నుంచి ఫిజీకి కూలీలను ఎక్కించడం 1903లో మొదలైంది. 1916 వరకు సుమారు 15 వేల మంది ఆ దారిన వెళ్లారు. ఉత్తర ఆర్కాటు, తంజావూరు, మలబారు వాళ్లతో పాటు కృష్ణా, గోదావరి, విశాఖపట్నం జిల్లాల వాళ్లు కూడా వారిలో ఉన్నారు. వాళ్లు పెట్టుకున్న సంగం (దక్షిణ భారతీయుల సంఘం) బడులు, ఆ తర్వాత తెలుగువారు విడిగా పెట్టుకున్న ఆంధ్ర సంగం ఇప్పటికీ అక్కడ ఉన్నాయి. అయితే ఈ బంధుత్వం ఆయన రాజకీయాన్ని అర్థం చేసుకోవడానికి పెద్దగా పనికిరాదు. 1937లో లౌటోకాలో పుట్టి, న్యూజిలాండ్‌లోని వెల్లింగ్టన్‌లో న్యాయశాస్త్రం చదివి, చెరకు రైతుల నడుమ వకీలుగా పేరు తెచ్చుకున్న ఆయనకు ఫిజీయే సొంత దేశం. ఆ దేశంలో తన జాతివారికి గౌరవంగా బతికే చోటు ఎలా దొరుకుతుందన్నదే ఆయనను జీవితాంతం వేధించిన ప్రశ్న.

కుర్చీలోంచి లేవడం మీద వచ్చిన తగవు

ఆయన నాయకత్వానికి వచ్చిన సందర్భమే చిత్రమైనది. 1977 ఏప్రిల్ ఎన్నికల్లో ఆయన పార్టీ, ప్రధానంగా భారత సంతతివారిదైన నేషనల్ ఫెడరేషన్ పార్టీ, 52 సీట్లలో 26 గెలుచుకుని, ప్రధాని ఎవరన్నది తేల్చుకునేలోపే అధికారాన్ని చేజార్చుకుంది. గవర్నర్ జనరల్ తిరిగి అప్పటిదాకా ప్రధానిగా ఉన్న రాతు మారాకే ప్రభుత్వం అప్పగించారు. గెలిచి కూడా కుర్చీ ఎక్కలేకపోయామన్న అవమానం నుంచి ఆ పార్టీ రెండుగా చీలింది. సెప్టెంబరులో మళ్లీ ఎన్నికలు వచ్చేసరికి ఒకరిది పువ్వు గుర్తు, మరొకరిది పావురం గుర్తు. అంతవరకు పార్టీకి పెద్ద దిక్కుగా ఉన్న సిద్దిఖ్ కోయా తన సీటు కూడా నిలబెట్టుకోలేకపోయారు. పువ్వు వర్గం నుంచి రెడ్డి ప్రతిపక్ష నేత అయ్యారు. 1982 నాటికి చీలిన పార్టీని మళ్లీ ఒక తాటి మీదికి తెచ్చి, పడమటి ప్రాంతపు స్థానిక ఫిజీయన్ల పార్టీతో పొత్తు కుదిర్చి, 24 సీట్లదాకా లాక్కొచ్చారు. అధికార పక్షానికి వచ్చినవి 28.

1983 డిసెంబరులో సభలో ఒక చిన్న సంఘటన జరిగింది. మాట్లాడటానికి లేచినప్పుడు రెడ్డి సరిగా నిలబడలేదని స్పీకర్ తొమాసి వకతోరా మందలించారు. రెడ్డి సభ నుంచి బయటికి నడిచారు. వకతోరా ఆ స్థానంలో ఉన్నంత కాలం తిరిగి అడుగుపెట్టనని చెప్పి పదవి వదిలేశారు. ఇది ఆత్మాభిమానమా, అహంకారమా అన్న వాదన అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. ఒక ప్రతిపక్ష నేత ఇంత చిన్న విషయానికి తన వెనకున్న జనాన్ని వదిలి వెళ్లిపోవడం నాకు సబబుగా తోచదు. కానీ ఆయన స్వభావంలో ఒక ముఖ్యమైన అంశాన్ని ఈ సంఘటన పట్టి ఇస్తుంది: మర్యాద తప్పిందనుకున్న చోట లాభనష్టాలు లెక్కవేసే మనిషి కాదు. ఇదే స్వభావం 1997లో ఆయనకు మేలు చేసింది. 1999లో కీడు చేసింది.

నెల రోజుల మంత్రి

ప్రభుత్వంలో ఆయన అనుభవం ఎంత అని అడిగితే జవాబు నవ్వు తెప్పిస్తుంది. 1987 ఏప్రిల్‌లో లేబర్ పార్టీ, నేషనల్ ఫెడరేషన్ పార్టీ కలిసి 52కి 28 సీట్లు గెలిచాయి. తిమోథి బవాంద్రా అనే స్థానిక ఫిజీయన్ వైద్యుడు ప్రధాని అయ్యారు. రెడ్డి అటార్నీ జనరల్‌గా, న్యాయశాఖ మంత్రిగా బాధ్యతలు తీసుకున్నారు. ఏప్రిల్ 13న ఏర్పడిన ఆ ప్రభుత్వాన్ని మే 14న సైన్యం కూలదోసింది. అంటే ఆ పదవిలో ఆయన ఉన్నది సరిగ్గా ఒక నెల. ఫిజీ మంత్రుల జాబితాలో ఆయన పేరు పక్కన ఉండే కాలం అంతే.

ఆ నెల రోజుల్లో జరిగిన పనుల కన్నా, ఆ ప్రభుత్వం కట్టిన తీరే ఎక్కువ చెప్పుకోదగినది. ఎక్కువ ఓట్లు తెచ్చింది భారత సంతతివారు. ప్రధాని పదవిని వాళ్లు అడగలేదు. ముందు నిలబడేది స్థానికుడు కావాలి, వెనక బలం మనది కావాలి అన్న ఆ లెక్క న్యాయమైనదా కాదా అని తర్కించవచ్చు గానీ, అప్పటి పరిస్థితుల్లో ఇంతకన్నా జాగ్రత్తైన మార్గం కనిపించదు. అంత జాగ్రత్తా సరిపోలేదు. భారతీయులు దేశాన్ని ఏలుతున్నారన్న ప్రచారం ఊరేగింపులుగా, రోడ్ల దిగ్బంధాలుగా మారి, చివరికి ఒక లెఫ్టినెంట్ కర్నల్ చేతిలో ముగిసింది. ఆ కర్నల్ రబుకా. ఆయన 1979లో మన నీలగిరుల్లోని వెల్లింగ్టన్ రక్షణ సేవల స్టాఫ్ కళాశాలలో చదువుకుని వెళ్లిన అధికారి. ఒకరు న్యూజిలాండ్ వెల్లింగ్టన్‌లో న్యాయం, ఇంకొకరు తమిళనాడు వెల్లింగ్టన్‌లో యుద్ధవిద్య చదివారన్నది కాకతాళీయమే అయినా, ఫిజీ కథ చదివేటప్పుడు నాకు ఎప్పుడూ గుర్తుకు వస్తుంది.

ఆ తర్వాత జరిగినది తెలిసినదే. సెప్టెంబరులో రెండో తిరుగుబాటు, అక్టోబరులో గణతంత్ర ప్రకటన, కామన్వెల్త్ నుంచి వెళ్లిపోవడం, 1990లో కొత్త రాజ్యాంగం. ఆ రాజ్యాంగం 70 సీట్లలో స్థానిక ఫిజీయన్లకు 37, భారత సంతతివారికి 27 కేటాయించి, ప్రధాని పదవిని స్థానికులకే పరిమితం చేసింది. 1986 జనగణనలో భారత సంతతివారు 48 శాతం పైచిలుకు. అంటే దేశంలో సగానికి దగ్గరగా ఉన్న జనం ఎంత గట్టిగా ఓటు వేసినా, ప్రభుత్వాన్ని ఏర్పరిచే దారి చట్టప్రకారమే మూసుకుపోయింది. చదువుకున్నవాళ్లు, డబ్బున్నవాళ్లు వేల సంఖ్యలో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, కెనడా దారి పట్టారు.

పెద్దల సభలో ఒక భారతీయుడు

1992 నుంచి మళ్లీ ప్రతిపక్ష నేతగా ఉన్న రెడ్డికి రెండే దారులు కనిపించాయి. ఈ రాజ్యాంగం చెల్లదని బహిష్కరించి బయట కూర్చోవడం ఒకటి. దాన్ని రాసినవాళ్ల చేతే మార్పించడం మరొకటి. ఆయన రెండోది ఎంచుకున్నారు. పక్షం రోజులకొక విమర్శ ఎదుర్కొంటూ, ప్రధాని రబుకాతో ఏళ్ల తరబడి మాట్లాడారు. 1995లో ఏర్పడిన రాజ్యాంగ సమీక్ష సంఘంలో సర్ పాల్ రీవ్స్ అధ్యక్షుడు. భారతీయుల తరఫున చరిత్రకారుడు బ్రిజ్ లాల్, స్థానికుల తరఫున మరెవరో కాదు, ఆ తొమాసి వకతోరాయే. పన్నెండేళ్ల కిందట రెడ్డి ఎవరి మొహం చూడనని సభ విడిచి వెళ్లారో ఆ మనిషే, బ్రిజ్ లాల్‌తో కలిసి దేశమంతా తిరిగి 697 సిఫార్సుల నివేదిక మీద ఏకాభిప్రాయంతో సంతకం చేశాడు. రెడ్డి తన పాత కోపాన్ని ఆ సంఘం దారికి అడ్డం రానివ్వలేదు. మనుషులు మారరని తేలిగ్గా అనేసేవాళ్లకు ఈ ముక్క వినిపించాలనిపిస్తుంది.

1997 జూన్ 6న రెడ్డి స్థానిక తెగల పెద్దల మహాసభలో ప్రసంగించారు. ఆ సభలో మాట్లాడిన తొలి భారత సంతతి నాయకుడు ఆయనే. ఆ ప్రసంగపు సారం రెండు మాటల్లో చెప్పవచ్చు: ఈ నేల మీద మీ స్థానాన్ని మేము గౌరవిస్తాం, దానికి ఎసరు పెట్టే ఉద్దేశం మాకు లేదు, మీరు మీ జాతికి మాత్రమే కాక ఫిజీలో ఉన్న అందరికీ పెద్దలుగా ఉండండి. తన తాతల తరం చెమటతో కట్టిన దేశంలో, పదేళ్ల కిందట తమను బందీలుగా పట్టిన వర్గపు పెద్దల ఎదుట నిలబడి ఈ మాట అనడం లొంగుబాటులా కనిపించే ప్రమాదం ఉంది. కొందరికి అలాగే కనిపించింది కూడా. నేను దాన్ని వేరుగా చూస్తాను. భయపడుతున్నవాడితో హక్కుల గురించి వాదిస్తే భయం పెరుగుతుంది. ముందు భయం తీరిస్తే హక్కుల మాట వినే ఓపిక వస్తుంది. ఆ రోజు రెడ్డి చేసింది అదే. పెద్దల సభ ఆమోదించింది, జులైలో పార్లమెంటు కొత్త రాజ్యాంగాన్ని ఏకగ్రీవంగా ఆమోదించింది, అక్టోబరులో ఫిజీ తిరిగి కామన్వెల్త్‌లో చేరింది. ప్రధాని ఏ జాతివాడైనా కావచ్చు అన్నది మళ్లీ చట్టమైంది.

ఇంత జరిగినా ఒక లోపం మిగిలిపోయింది. సమీక్ష సంఘం, జాతి పట్టింపు లేకుండా అందరూ ఓటు వేసే సీట్లు 45, జాతులవారీ సీట్లు 25 ఉండాలని చెప్పింది. పార్లమెంటు కమిటీ దాన్ని తిరగేసింది: జాతులవారీ 46, అందరికీ కలిపి 25. ఫెడరేషన్ పార్టీని నిలబెట్టిన ఏ.డి. పటేల్ 1960లలో పోరాడిందే ఉమ్మడి ఓటరు జాబితా కోసం. ఆయన వారసుడు చివరికి జాతులవారీ జాబితాకే తలూపాడని ఎత్తిపొడిచినవాళ్లున్నారు. దీనికి నా దగ్గర గట్టి సమాధానం లేదు. ఆ మేరకు తగ్గకపోతే ఒప్పందమే లేదన్నది నిజం కావచ్చు. అయితే భారతీయుడి ఓటు కోసం భారతీయులే పోటీపడే 19 సీట్లలో, ‘ఎక్కువ ఇచ్చేశాడు’ అన్న ఆరోపణ కన్నా చవకైన ఆయుధం ఉండదని రెడ్డి వంటి అనుభవజ్ఞుడికి తెలియకపోదు.

కౌలు గడువు

ఫిజీ నుంచి వచ్చి ఆక్లండ్‌లో స్థిరపడిన ఒక పెద్దాయనతో నాకు బంధువుల ఇంట్లో పరిచయమైంది. బా ప్రాంతంలో చెరకు పండించిన కుటుంబం. తాతగారు విశాఖ వైపు నుంచి ఓడెక్కాడని తెలుసు గానీ ఊరి పేరు తెలియదు. తెలుగు నాలుగు మాటలకు మించి రాదు. ఫిజీ హిందీలోనే మాట్లాడుకున్నాం. 1999లో ఎవరికి ఓటు వేశారని అడిగితే, ఏ మాత్రం తడుముకోకుండా లేబర్‌కు అన్నాడు. రెడ్డి మీద కోపమా అంటే, లేదు, అంత మర్యాదస్థుడు మళ్లీ పుట్టడు అన్నాడు. మరి ఎందుకు? తన భూమి కౌలు గడువు ముగింపుకు వచ్చిందట. అందరూ తనకు రాజ్యాంగం గురించి చెబుతున్నారట; కౌలు రద్దయితే రాజ్యాంగం తనకు గుడిసె వేసుకునే జాగా ఇస్తుందా అన్నది ఆయన ప్రశ్న.

ఈ ప్రశ్న వెనక ఉన్న లెక్క తెలియకపోతే 1999 అర్థం కాదు. ఫిజీ భూమిలో ఐదింట నాలుగు వంతులకు పైగా స్థానిక తెగల ఉమ్మడి ఆస్తి. దాన్ని అమ్మడానికి వీల్లేదు, ట్రస్టు బోర్డు ద్వారా కౌలుకు మాత్రమే ఇస్తారు. చెరకు పండించే భారత సంతతి రైతుల్లో అత్యధికులు కౌలుదారులే. 1976లో సవరించిన చట్టం ఆ కౌళ్లకు, అవి మొదలైన నాటి నుంచి లెక్కవేసి, 30 ఏళ్ల గడువు ఇచ్చింది. 1997 నుంచి అవి ఒక్కొక్కటే ముగియడం మొదలైంది. అంటే రాజ్యాంగం ఆమోదం పొందిన ఏడాదే, రైతు ఇంట్లో గుండె దడ మొదలైంది. ఆ పెద్దాయన తమ్ముడి కౌలు పొడిగించలేదట. నేల వాళ్లది, మీద కట్టుకున్న ఇల్లు తమది కాబట్టి, పైకప్పు రేకులు ఒక్కొక్కటే ఊడదీసి, పీకిన మేకులు కూడా పారేయకుండా సుత్తితో వంపులు సరిచేసి పాత నూనె డబ్బాలో పోసుకుని, లారీలో వేసుకుని పట్టణం అంచుకు వెళ్లిపోయారట. ఆ మేకుల డబ్బా ఆయన చెప్పిన తీరులోనే నాకు 1999 తీర్పు సగం అర్థమైంది. మహేంద్ర చౌదరి నాయకత్వంలోని లేబర్ పార్టీ కౌలు గురించి, నిత్యావసరాల మీద పన్ను ఎత్తివేత గురించి మాట్లాడింది. రబుకా పక్కన నిలబడిన రెడ్డి జాతుల మధ్య సయోధ్య గురించి మాట్లాడారు. ఎవరి మాట కడుపుకు దగ్గరగా ఉందో వేరే చెప్పనక్కర లేదు.

ఒక్క సీటూ రాలేదు

ఆ ఎన్నికల ఫలితం రాజకీయ చరిత్రలో అరుదైనది. భారతీయులకు కేటాయించిన 19 సీట్లూ లేబర్‌వే. రెడ్డి పార్టీకి భారత సంతతివారి ఓట్లలో మూడో వంతుకు దగ్గరగా, దేశం మొత్తం మీద 15 శాతానికి దగ్గరగా ఓట్లు పడ్డాయి, సీట్లు సున్నా. రెడ్డి కూడా ఓడిపోయారు. 71 సీట్ల సభలో లేబర్ ఒంటరిగానే 37 గెలుచుకుంది, మే 19న చౌదరి ఫిజీకి తొలి భారత సంతతి ప్రధాని అయ్యారు.

ఓటు వేసే పద్ధతి కూడా ఇందులో తన పాత్ర పోషించింది. ప్రతి ఓటరుకూ రెండు బ్యాలెట్లు. ఒక్కొక్కటి రెండు భాగాలు. కింది భాగంలో అభ్యర్థులకు వరుసగా అంకెలు వేయాలి, లేదంటే పై భాగంలో ఒక పార్టీ గుర్తు ఎదురుగా టిక్కు పెడితే చాలు. పై భాగంలో టిక్కు పెడితే రెండో, మూడో ఎంపికలు ఎవరికి పోవాలన్నది ఆ పార్టీ ముందే దాఖలు చేసిన జాబితా నిర్ణయిస్తుంది. అత్యధికులు పై భాగంలోనే టిక్కు పెట్టారు. మధ్యేమార్గపు పార్టీలకు రెండో ఎంపిక ఓట్లు చేరి మేలు జరుగుతుందని ఈ పద్ధతిని పెట్టారు. చౌదరి మాత్రం, క్రైస్తవ దేశం కావాలన్న పార్టీతో సహా ఎవరితోనైనా సరే ఓట్ల మార్పిడి కుదుర్చుకుని, దాన్ని రబుకా–రెడ్డి కూటమి మీదికే తిప్పారు. ఇందులో అన్యాయం లేదు; ఆట నియమాలు అవే. కానీ పద్ధతి మీదే తప్పంతా నెట్టేద్దామంటే అదీ కుదరదు. అందరూ కలిసి ఓటు వేసే 25 సీట్లలోనూ లేబర్‌కు 18 వచ్చాయి. కాబట్టి ఉమ్మడి సీట్లు 45 ఉండి ఉంటే రెడ్డి గట్టెక్కేవారని చెప్పేవాళ్లు ఈ అంకెను దాటవేయకూడదు. నేనూ చాలాకాలం పాటు ఆ వాదన వైపు మొగ్గాలని చూశాను గానీ అది నిలబడదు.

పొత్తు ఎందుకు వద్దంటున్నాను

తిరుగుబాటుదారుతో చేయి కలిపినందుకే ఓడిపోయారన్న వాదనలో ఉన్న చిక్కు ఇది: 1992లో రబుకా తన పార్టీలోనే గట్టి పోటీ ఎదుర్కొన్నప్పుడు, 13 మంది సభ్యుల మద్దతిచ్చి ఆయనను ప్రధానిని చేసింది చౌదరి లేబర్ పార్టీయే. రాజ్యాంగ సమీక్ష, పన్ను, భూమి హామీలు తీసుకుని ఇచ్చిన మద్దతు అది, తర్వాత ఉపసంహరించుకున్నారు కూడా. రెండేళ్లలోనే జరిగిన 1994 ఎన్నికల్లో లేబర్ 7 సీట్లకు పడిపోయింది, ఫెడరేషన్ పార్టీకి 20 వచ్చాయి. అయిదేళ్ల తర్వాత అదే చౌదరిని జనం నెత్తిన పెట్టుకున్నారు. రబుకాతో వ్యవహరించడమే క్షమించరాని పాపమైతే ఇలా జరిగేది కాదు.

అసలు తేడా మరోచోట ఉంది. 1997 రాజ్యాంగానికి చౌదరి పార్టీ సభ్యులు కూడా ఓటు వేశారు. అది ఏ ఒక్క పార్టీ సొత్తూ కాదు. అందరి ఉమ్మడి గెలుపు. దాన్ని రబుకా పార్టీతో కలిసి ఒకే కూటమి ప్రచారాంశంగా మార్చిన రోజున, ఆ ఉమ్మడి గెలుపు ఒక బేరంలా కనిపించడం మొదలైంది. రబుకా ప్రధాని, రెడ్డి ఉప ప్రధాని అని ముందే ప్రకటించడంతో, ఇన్నేళ్లూ ఇందుకోసమే మాట్లాడుకున్నారా అని అడిగే అవకాశం ప్రత్యర్థులకు దొరికింది. అదీ కాక, ఏడేళ్లు అధికారంలో ఉన్న పార్టీ చేసిన పనులన్నిటికీ, చేయని పనులన్నిటికీ రెడ్డి జవాబుదారీ అయ్యారు. కౌలు పొడిగింపు జరగలేదంటే అది ప్రభుత్వ వైఫల్యం. ఆ ప్రభుత్వాధినేత పక్కన రెడ్డి నిలబడి ఉన్నారు. ప్రతిపక్షంలో ఉండి ఆయన సంపాదించిన నైతిక బలమంతా ఆ ఒక్క పొత్తుతో పాలక పక్షపు ఖాతాలో జమ అయింది.

రెడ్డి తరఫున చెప్పవలసిన మాట ఒకటుంది, అది చిన్నదేమీ కాదు. ఒప్పందం కుదుర్చుకున్న ఇద్దరూ ఎన్నికలప్పుడు విడిపోయి ఒకరినొకరు తిట్టుకుంటే, ఆ ఒప్పందాన్ని రెండు జాతుల్లో ఎవరైనా నమ్ముతారా? తన జాతివారిలో ద్రోహి అనిపించుకోవడానికి సిద్ధపడి వచ్చిన రబుకాను నడిమధ్యలో వదిలేయడం మర్యాదా? రబుకా కూడా తక్కువ మూల్యం చెల్లించలేదు. అంతకు ముందు 30కి పైగా సీట్లున్న ఆయన పార్టీ 8కి కుంచించుకుపోయింది. భారతీయులకు ఎక్కువ ఇచ్చాడని స్థానికులు, స్థానికులకు ఎక్కువ వదిలేశాడని భారతీయులు, ఇద్దరినీ ఒకే తప్పుకు శిక్షించారు. ఇక్కడే రెడ్డి స్వభావం, స్పీకర్ ముందు నడిచి వెళ్లిపోయిన ఆ స్వభావమే, ఆయనకు అడ్డం వచ్చిందని నా అనుమానం. ఇచ్చిన మాటకు కట్టుబడటాన్ని ఆయన వ్యక్తిగత మర్యాదగా చూశారు. అది మనిషికి గొప్ప గుణం. అయితే పార్టీ నాయకుడు తన వెనకున్న ఓటర్ల తరఫున మర్యాద చూపిస్తున్నప్పుడు, ఆ ఓటర్లు దాని ఖర్చు భరించగలరో లేదో చూసుకోవాలి. రాజ్యాంగాన్ని కలిసి కాపాడతామని ఇద్దరూ ప్రకటించి, ఎన్నికలకు విడివిడిగా వెళ్లి ఉంటే, ఫలితం వచ్చాక మాట్లాడుకోవడానికి అడ్డేమీ లేదు. 10 శాతం సీట్లు తెచ్చుకున్న ప్రతి పార్టీకీ మంత్రివర్గంలో చోటివ్వాలన్న నిబంధనను ఆ రాజ్యాంగంలోనే వాళ్లు పెట్టారు కదా. కలిసి పాలించడానికి ముందస్తు పొత్తు అవసరమే లేదు. తాము రాసిన నిబంధన మీద తామే నమ్మకం ఉంచకపోవడం నాకు ఇప్పటికీ విచిత్రంగా ఉంటుంది.

తర్వాతి కాలం

ఓటమి తర్వాత రెడ్డి పార్టీ పదవి వదిలేశారు, మళ్లీ ఎన్నికల వైపు చూడలేదు. ఫిజీ అప్పీలు కోర్టుకు అధ్యక్షుడిగా పనిచేసి, 2003లో రువాండా మారణకాండ నేరాలను విచారించే అంతర్జాతీయ ట్రిబ్యునల్‌కు న్యాయమూర్తిగా ఎన్నికై, టాంజానియాలోని అరూషాకు వెళ్లారు. జాతి ద్వేషం చివరికి ఎక్కడికి దారి తీస్తుందో ఆ న్యాయస్థానంలో సాక్షుల నోటి నుంచి వినవలసి వచ్చిన మనిషికి, ఫిజీలో తాను చేసిన రాజీ తక్కువ ధరకే దొరికిందని అనిపించి ఉంటుందా అని ఆలోచిస్తాను. తేల్చే మార్గం లేదు.

చౌదరి ప్రభుత్వం సరిగ్గా ఏడాదికి, 2000 మే 19న, జార్జ్ స్పైట్ అనే వ్యాపారి నడిపిన సాయుధ ముఠా చేతిలో కూలింది. ప్రధానిని 56 రోజులు బందీగా ఉంచారు. రెడ్డి–రబుకా కూటమి గెలిచి ఉంటే ఇది జరిగేది కాదని అంటారు. నేను అంత ధీమాగా అనలేను. 8 సీట్లకు దిగజారిన రబుకాకు సొంత జాతిలో పట్టు పోయిన విషయం అప్పటికే స్పష్టం. ఆయన ప్రధానిగా ఉన్నా ఆ కోపం ఎటో ఒకవైపు తిరిగేదే. 1997 రాజ్యాంగం ఆ దెబ్బను తట్టుకుంది, 2006 తిరుగుబాటు తర్వాత కొంతకాలం ఊపిరి బిగబట్టుకుని ఉంది, 2009 ఏప్రిల్‌లో రద్దయింది.

ఇక 2022 డిసెంబరు. రబుకా కొత్త పార్టీకి 21, ఫెడరేషన్ పార్టీకి 5, మరో చిన్న పార్టీకి 3 సీట్లు వచ్చి, సభలో ఒక ఓటు అవతలికి జారినా 28–27 తేడాతో రబుకా మళ్లీ ప్రధాని అయ్యారు. ఫెడరేషన్ పార్టీ నాయకుడు బిమన్ ప్రసాద్ ఉప ప్రధాని, ఆర్థిక మంత్రి అయ్యారు. రెడ్డి ఆశించిన పదవి, రెడ్డి కోరుకున్న భాగస్వామితో, రెడ్డి పార్టీకే 23 ఏళ్లు ఆలస్యంగా దక్కింది. దీన్ని చూపించి, చివరికి రెడ్డి మాటే నిజమైందని కొందరు సంబరపడ్డారు. నా మిత్రుడి ‘నమ్మి మునిగాడు’ ఎంత తొందరపాటో, ఈ సంబరం కూడా అంతే తొందరపాటు. 2022లో ఫెడరేషన్ పార్టీ నిలబడగలిగింది 2013 రాజ్యాంగం కింద. ఆ రాజ్యాంగంలో జాతులవారీ సీట్లు లేవు. దేశమంతా ఒకే నియోజకవర్గం, వచ్చిన ఓట్ల నిష్పత్తిలో సీట్లు. 1999 నాటి ఓట్లను ఈ పద్ధతిలో లెక్కిస్తే రెడ్డికి సున్నా బదులు పది దాకా సీట్లు వచ్చేవి. ఏ.డి. పటేల్ కాలం నుంచి ఆ పార్టీ అడిగిన ఉమ్మడి జాబితాను చివరికి ఇచ్చింది రెడ్డి కుదిర్చిన ఒప్పందం కాదు. 2006లో తుపాకీతో అధికారం లాక్కుని, పెద్దల మహాసభనే రద్దు చేసిన బైనిమరామా ప్రభుత్వం. సంప్రదింపులతో సాధించిన రాజ్యాంగం పన్నెండేళ్లకే చెల్లాచెదురైతే, సైనికాధిపతి కట్టబెట్టిన రాజ్యాంగం కిందే సయోధ్య రాజకీయం సీట్లు గెలుచుకుంది. ఈ చేదు ముక్కను మింగకుండా రెడ్డిని గెలిచినవాడిగా నిలబెట్టడం నా వల్ల కాదు. అలాగని, పెద్దల సభలో ఆయన నిలబడిన రోజును తప్పు లెక్కలో వేయడమూ నా వల్ల కాదు.